కాల్‌షీట్‌లో మొదటి పేరు

ఆర్డినెన్స్‌కి సెకండాఫ్ వీక్‌గా ఉందన్నాడు నిర్మాత త్రినాథరావు.

జూబ్లీహిల్స్‌లో ఆయన గెస్ట్ హౌస్. బయట నలభై మూడు డిగ్రీలు. లోపల ఏసీ పద్దెనిమిదిలో పెట్టి, ఆ చలికి శాలువా కప్పుకుని కూర్చున్నాడాయన. టీపాయ్ మీద పెసరట్లు, మూడు రకాల చట్నీలు, వాటి మధ్య పన్నెండు పేజీల ప్రభుత్వ ముసాయిదా. పేరు 'వేసవి శ్రమ రక్షణ ఆర్డినెన్స్'. వాతావరణం మారిపోయి ఏటేటా ఎండలు ముదురుతున్నాయి, వడదెబ్బ చావులు పెరుగుతున్నాయి, అసెంబ్లీ కూర్చునేదాకా సూర్యుడు ఆగడు కాబట్టి ముందు ఆర్డినెన్స్ తెద్దామని ప్రభుత్వం అనుకుంది. ఏ రంగం సూచనలు ఆ రంగం శుక్రవారం సాయంత్రం ఐదులోపల ఇవ్వాలి. వాటిని ఆ రంగానికి ప్రత్యేక నిబంధనలుగా చేరుస్తారు. సినిమా రంగం కమిటీకి త్రినాథరావు అధ్యక్షుడు.

సినిమావాళ్ళకి ఏ కాగితమైనా స్క్రిప్టే. అందుకని బుధ, గురువారాల్లో స్టోరీ సిట్టింగ్ పెట్టారు.

ముసాయిదా రాసిన ప్రజారోగ్య శాఖ అధికారిణి పద్మప్రియ ఫైలు ఒళ్ళో పెట్టుకుని సోఫా అంచున కూర్చుంది. మూడు వేసవులపాటు జిల్లా ఆసుపత్రుల రికార్డులు తిరగేసి రాసిన ముసాయిదా అది. ఆమెకి ఎదురైన మొదటి ప్రశ్న, ఇందులో హీరో ఎవరు అని. హీరో లేడు, ఎండలో పనిచేసే మనిషే ఉన్నాడని చెప్పింది. అతనికి ఫ్లాష్‌బ్యాక్ ఉందా అని ఒక దర్శకుడు అడిగాడు. విలన్ సూర్యుడే కదా అని మరొకడు తేల్చాడు. సూర్యుణ్ణి విలన్ చేస్తే రథసప్తమి చేసుకునేవాళ్ళ మనోభావాలు దెబ్బతింటాయని త్రినాథరావు కంగారుపడి, ముసాయిదాలో 'సూర్యుడు' అనే మాట ఎక్కడైనా ఉంటే తీసెయ్యమన్నాడు. ఎక్కడా లేదని పద్మప్రియ చెప్పాక ఆయన మనసు కుదుటపడింది.

అసలు గొడవ నాలుగో సెక్షన్ దగ్గర. పనిచేసే చోట వేడి నలభై రెండు డిగ్రీలు దాటి పదిహేను నిమిషాలు నిలిస్తే, మధ్యాహ్నం పన్నెండు నుంచి నాలుగు దాకా ఆరుబయట పని ఆపెయ్యాలి.

త్రినాథరావు ఫిల్మ్ నగర్ వెనక గుట్ట మీద కోట సెట్ వేశాడు. ఇద్దరు హీరోల సినిమా. ఒకరు సైక్లోన్ స్టార్, ఇంకొకరు లావా స్టార్. రెండు వందల మంది జూనియర్ ఆర్టిస్టులతో యుద్ధం, పన్నెండు రోజుల షెడ్యూల్. సిద్ధాంతిగారు పెట్టిన ముహూర్తం మే ఇరవై అయిదు. రోహిణి కార్తె అదే రోజు మొదలు. హీరోలు సెట్‌కి వచ్చేది పదకొండింటికి. పన్నెండుకి ఆపేస్తే ఇక తీసేదేముంది?

"వేడి ఎంతుందో హీరోగారి ఏసీ కారవాన్‌లో కొలిస్తే సరిపోద్ది కదమ్మా," అన్నాడాయన.

"చట్టంలో హీరో అనే మాట రాయలేమండీ," అంది పద్మప్రియ.

ఆయన గది మూలకి తిరిగాడు. "రాఘవా, కాస్త గంభీరంగా రాయి నాయనా."

మూల కూర్చున్నది రాఘవేంద్ర. ఘోస్ట్ రైటర్. పదిహేనేళ్ళలో ఇరవై రెండు సినిమాలకి మాటలు రాశాడు. ఒక్క సినిమాలోనూ పేరు పడలేదు. అతను పెన్ను తీసి రాశాడు: 'ఆ రోజు పనికి ముఖ్యుడైన వ్యక్తి ఉన్నచోట ఉష్ణోగ్రత కొలవవలెను.' గదిలో చప్పట్లు కొట్టారు. ఎవరో విజిల్ కూడా వేశారు. పద్మప్రియ మాత్రం ఆ వాక్యాన్ని రెండుసార్లు చదివి, కళ్ళద్దాలు తుడుచుకుంది. రంగాలవారి సూచనల్ని కాదనొద్దని ఆమెకి పైనుంచి ఆదేశం ఉంది.

*

యూసుఫ్‌గూడలో రాఘవేంద్ర ఇంటికి రెండు సందుల అవతల అతని అక్క ఉదయశ్రీ ఇల్లు. ఆ సాయంత్రం అతను వెళ్ళేసరికి బావ తిరుమలేశ్ గడపలో కూర్చుని, కాలుతున్న లైట్లు పట్టుకునే తోలు గ్లవ్స్‌కి కుట్లు వేసుకుంటున్నాడు. పద్దెనిమిదేళ్ళుగా లైట్‌మన్. పోయిన వేసవిలో సెట్ మీద కూలిపోయి తొమ్మిది రోజులు ఆసుపత్రిలో ఉన్నాడు. ఇంకోసారి వడదెబ్బ తగిలితే కిడ్నీలు దక్కవని డాక్టర్ మొహం మీదే చెప్పాడు. ఒక్క షెడ్యూల్‌కి రానంటే ఆ యూనిట్ మళ్ళీ పిలవదు కాబట్టి, త్రినాథరావు సినిమాకి పేరు ఇచ్చేశాడు.

ఉదయశ్రీ తమ్ముడికి మంచినీళ్ళు ఇచ్చింది. చాయ్ ఇవ్వలేదు.

"నువ్వే రాస్తున్నవట గదా తమ్మీ. మీ బావను సంపే కాగితం."

ఫిల్మ్ నగర్‌లో పొద్దున పుట్టిన మాట మధ్యాహ్నానికి యూసుఫ్‌గూడ చేరుతుంది. తిరుమలేశ్ దారం కొరికి నవ్వాడు.

"నాకేం ఫికర్ లేదు బామ్మర్దీ. గటు సూర్యుడు, గిటు పది కిలోవాట్ల లైటు. నడుమ నేను. పద్దెనిమిదేండ్ల సంది ఇదే గదా."

పట్టపగలు లైట్లెందుకంటే, ఎండ ఎంత కాసినా హీరోల ముక్కు నీడ పెదవి మీద పడకూడదు. అది పడకుండా చూసేవాడు తిరుమలేశ్.



*

గురువారం పద్మప్రియ ఒకే ఒక్క ప్రశ్న అడిగింది. ముఖ్యుడైన వ్యక్తి అంటే ఎవరు? నిర్వచనం లేకపోతే న్యాయశాఖ మొత్తం సూచనల్ని వెనక్కి కొడుతుంది. ఆమె చేతిలో మిగిలిన ఆయుధం అదొక్కటే.

రెండు గంటలు పోట్లాట. సెట్ మీద ముఖ్యుడు దర్శకుడని దర్శకుడు, చెక్కు మీద సంతకం పెట్టేవాడని త్రినాథరావు. ఇద్దరు హీరోల మేనేజర్లూ అక్కడే ఉన్నారు. వాళ్ళిద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. ఆ చూపుకి దర్శకుడూ నిర్మాతా ఇద్దరూ తగ్గారు.

అప్పుడు రాఘవేంద్ర మూలనుంచి అన్నాడు. "కాల్‌షీట్‌లో మొదటి పేరు ఎవరిదైతే వాళ్ళు, సార్."

మర్నాడు ఎవరెవరు ఎన్నింటికి రావాలో రాసి యూనిట్‌కి పంపే కాగితం కాల్‌షీట్. అందులో పైన హీరో పేరు ఉంటుందని గదిలో ప్రతివాడికీ తెలుసు. అంతకంటే తేలికైన నిర్వచనం ఇంకేముంటుంది? సైక్లోన్ స్టార్ మేనేజర్ తల ఊపాడు. లావా స్టార్ మేనేజర్ కూడా ఊపాడు.

ఈ సినిమాలో ఎవరి పేరు ముందుండాలన్న సంగతి ఎనిమిది నెలలుగా తెగలేదని, అందుకే పోస్టర్ మీద పేర్లని గుండ్రంగా తిప్పి వేశారని ఆ క్షణంలో ఒక్క రాఘవేంద్రకే గుర్తుంది. దానివల్ల ఏం జరుగుతుందో అతనికీ తెలియదు. ఏదో ఒకటి జరగాలని మాత్రం అనుకున్నాడు.

పద్మప్రియ అతన్ని కాసేపు చూసి, వాక్యం రాసుకుంది. శుక్రవారం ఐదుకి ఐదు నిమిషాలుండగా ఫైలు వెళ్ళింది. వారంలో ఆర్డినెన్స్ గెజిట్‌లో వచ్చేసింది. త్రినాథరావు జీడిపప్పు పకోడీతో విందు చేశాడు.

*

మే ఇరవై నాలుగు, సాయంత్రం ఆరు. ఫిల్మ్ నగర్‌లో ప్రొడక్షన్ ఆఫీసు.

అంతకుముందు కాల్‌షీట్‌లో వరస ఎవడూ చూసేవాడు కాదు. ఎవరి టైము వాళ్ళు చూసుకుని పడేసేవాళ్ళు. ఇప్పుడలా కాదు. మొదటి పేరున్నవాడే ముఖ్యుడని రాష్ట్ర ప్రభుత్వం అచ్చువేసి మరీ చెప్పింది. తమ సార్ పేరు రెండోది అయితే, తమ సార్ ముఖ్యుడు కాడని చట్టమే ఒప్పుకున్నట్టని సైక్లోన్ మేనేజర్ వాదన. సరిగ్గా అదే లావా మేనేజర్ వాదన. బయట గేటు దగ్గర రెండు వర్గాల అభిమానులు గెజిట్ కాపీలు పట్టుకుని నిలబడ్డారు. జీవితంలో గెజిట్ ఎలా ఉంటుందో చూడనివాళ్ళు సెక్షన్ నంబరుతో సహా నినాదాలిస్తున్నారు.

అక్షరక్రమం అన్నారు, కుదరలేదు. వయసు ప్రకారం అన్నారు. ఇద్దరికీ పదకొండేళ్ళుగా ముప్పై రెండే. రెండు కాల్‌షీట్లు వేద్దామని పద్మప్రియకి ఫోన్ చేశారు. ఒక పనిచోటికి ఒకటే కాల్‌షీట్ అని ఆమె తాపీగా చెప్పింది. త్రినాథరావు బీపీ మాత్ర వేసుకుని, రాఘవేంద్రని పిలిపించి, ముహూర్తం తప్పితే తనకి గుండె ఆగుతుందని చెప్పాడు.

రాఘవేంద్ర మేనేజర్లిద్దర్నీ కూర్చోబెట్టాడు.

"ఫంక్షన్‌లో పెద్ద గెస్టు ముందొస్తాడా, చివర్న వస్తాడా సార్?"

చివర్నే, అన్నారిద్దరూ.

"అయితే కాల్‌షీట్ వచ్చే టైమ్ ప్రకారం రాద్దాం. ముందొచ్చేవాళ్ళు పైన, ఆఖర్న వచ్చేవాళ్ళు కింద. ముఖ్యుడంటే మన సౌకర్యం కోసం రాసుకున్న మాట. పెద్దవాడంటే మాత్రం ఆఖర్న వచ్చేవాడే."

మేనేజర్ల కళ్ళల్లో వెలుగు వచ్చింది. తమ సార్ పదకొండింటికి వస్తారన్నాడు ఒకడు. తమ సార్ పదకొండున్నరకన్నాడు ఇంకొకడు. పన్నెండు. పన్నెండుంబావు. వేలంపాట గంటన్నర నడిచింది. చివరికి ఒంటిగంటకి రెండు గేట్లలోంచి ఇద్దరూ ఒకే క్షణంలో అడుగుపెట్టేట్టు ఒప్పందం కుదిరింది. ఈ పద్ధతి షెడ్యూల్ మొత్తానికీ వర్తిస్తుందని రాసి, ఒక కాపీ కార్మిక శాఖకి పంపారు. త్రినాథరావు సంతకం పెట్టేముందు కాగితంలో కింది రెండు లైన్లు నాలుగుసార్లు చదివాడు. పై లైను చదవలేదు. హీరోల పేరు లేని లైను సినిమావాళ్ళు ఎప్పుడూ చదవరు.

పై లైనులో ఇలా ఉంది: 'తెల్లవారుజామున 4.00. లైట్ల వ్యాన్ తెరవడం. తిరుమలేశ్.'

*

మర్నాడు పన్నెండుకి పది నిమిషాలుండగా పద్మప్రియ ఒక చేతిలో గొడుగు, ఇంకో చేతిలో డిజిటల్ థర్మామీటర్‌తో గుట్టెక్కింది.

"తిరుమలేశ్ గారు ఎవరండీ?"

సెట్ మీద అతని పేరు చివర 'గారు' పడటం పద్దెనిమిదేళ్ళలో అదే మొదలు. తిరుమలేశ్ ఇనప మంచె మీదనుంచి తొంగిచూశాడు. గుట్టంతా బండలు. ఆ బండల మీద ఇనప రంగు కవచాలు తొడుక్కుని రెండు వందల మంది జూనియర్ ఆర్టిస్టులు, హీరోలొచ్చేదాకా రిహార్సల్ చేస్తున్నారు.

సంగతి అర్థం కావడానికి త్రినాథరావుకి రెండు నిమిషాలు పట్టింది. విరుగుడు ఆలోచించడానికి అరనిమిషం చాలింది. ముప్పై ఏళ్ళ నిర్మాత ఆయన.

"చట్టాన్ని గౌరవించాల్సిందే. తిరుమలేశ్ గారిని కారవాన్‌లో కూర్చోబెట్టండ్రా," అన్నాడు.

హీరోయిన్ వాళ్ళ అమ్మగారి కారవాన్ ఆ రోజు ఖాళీ. తిరుమలేశ్‌ని మెత్తటి సోఫాలో కూర్చోబెట్టి, యాపిల్ ముక్కలు పెట్టారు. థర్మామీటర్ ఇరవై ఒకటి చూపించింది. చట్టప్రకారం ఆ గుట్ట మీద చక్కటి శీతాకాలం. పని సాగించమని మైకులో చెప్పారు.

రాఘవేంద్ర బావ పక్కన కూలబడ్డాడు. అతనికి కావలసింది ఇదే. అక్క మొహం ఇక ధైర్యంగా చూడొచ్చు. "నాలుగింటి దాక లేవకు బావా, జర గిట్లనే కూసో," అని బతిమాలాడు.

తిరుమలేశ్ ఒక యాపిల్ ముక్క తిన్నాడు. రెండోది చేతిలో పట్టుకుని అద్దంలోంచి బయటికి చూస్తూ ఉండిపోయాడు. కాసేపటికి వరసలోంచి ఒక కవచం ముందుకి వంగి, బండ మీద బోర్లా పడింది. లేవలేదు. ఇద్దరు వచ్చి దాన్ని పక్కకి లాగారు. వరస సర్దుకుంది. రిహార్సల్ ఆగలేదు.

తిరుమలేశ్ యాపిల్ ముక్క పళ్ళెంలో పెట్టేశాడు.

"మేడం, నేను యాడుంటే ఆడనే కొలుస్తరా?"

"ఎక్కడుంటే అక్కడే," అంది పద్మప్రియ. "పదిహేను నిమిషాలు ఆగకుండా నలభై రెండు దాటి ఉండాలి. మీరు వెళ్ళాలని మాత్రం నేను చెప్పనండీ. మీ ఆరోగ్యం సంగతి రాఘవేంద్ర గారు చెప్పారు."

అతను లేచాడు. రాఘవేంద్ర తలుపుకి అడ్డంగా నిలబడ్డాడు.

"డాక్టర్ ఏమన్నడో యాదికున్నదా?"

"యాదికున్నది. నువ్వు రాసిన కాగితం గూడ యాదికున్నది. పక్కకు జరుగు రాఘవా."

బామ్మర్దీ అనకుండా పేరు పెట్టి పిలిచాడు. రాఘవేంద్ర పక్కకి జరిగాడు.

తిరుమలేశ్ సరిగ్గా కోట గుమ్మం ముందు, కెమెరాకి అడ్డంగా ఒక చెక్కపెట్టె వేసుకుని కూర్చున్నాడు. పద్మప్రియ వెనకే వెళ్ళింది. నలభై ఒకటి పాయింట్ ఆరు. నలభై రెండు పాయింట్ మూడు. ఆమె వాచీ చూసుకుని టైము రాసుకుంది.

అప్పటికి రాఘవేంద్ర పరుగెత్తి ఒక థర్మకోల్ షీటు తెచ్చాడు. హీరోల మొహం మీదికి వెలుగు కొట్టే తెల్లటి షీటు అది. దాన్ని బావ నెత్తిన నీడగా పట్టాడు. ఇంకో ముగ్గురు లైట్‌మన్‌లు మిగతా మూడు షీట్లూ తెచ్చి చుట్టూ నిలబడ్డారు. దర్శకుడు మైకులో అరిచాడు. ఎవరూ కదలలేదు. నీడలో కూడా అంకె తగ్గలేదు. అది గాలి వేడి.

తొమ్మిదో నిమిషంలో త్రినాథరావుకి ఇంకో ఆలోచన వచ్చింది. పెళ్ళిపందిట్లో పెట్టేంత పెద్ద కూలర్‌ని నలుగురు మోసుకొచ్చి తిరుమలేశ్ ఎదురుగా పెట్టారు. ముఖ్యమైన మనిషికి చల్లగాలి ఇవ్వొద్దని ఏ చట్టంలో ఉంది? కూలర్ గర్జించింది. నలభై రెండు. నలభై ఒకటి పాయింట్ ఎనిమిది.

పద్మప్రియ కాగితం మీద టైముని కొట్టేసింది. మళ్ళీ మొదటినుంచి లెక్క.

ఆ క్షణంలోనే కూలర్ ఆగిపోయింది. లైట్లు ఆగిపోయాయి, మైకు ఆగిపోయింది. డీజిల్ అయిపోయిందని జనరేటర్ వ్యాన్ దగ్గరనుంచి కేక వినిపించింది. పొద్దున ట్యాంకు నిండా పోయించుకున్న డీజిల్ అది. ఎలా అయిపోయిందో చెప్పడానికి జనరేటర్ మనిషి ఎవరికీ కనిపించలేదు.

నలభై రెండు పాయింట్ ఒకటి. మళ్ళీ పదిహేను నిమిషాలు.

ఐదో నిమిషానికి తిరుమలేశ్ పెదాలు ఎండాయి. రాఘవేంద్ర షీటు ఇంకొకరికిచ్చి, తడిగుడ్డ బావ మెడకి చుట్టి, ఉప్పు కలిపిన మజ్జిగ గుక్కగుక్కగా తాగించాడు. ఎనిమిదో నిమిషంలో చేతులు వణికాయి. రాఘవేంద్ర లేపబోయాడు. బావ అతని మణికట్టు పట్టుకుని వదల్లేదు. పదకొండో నిమిషంలో కవచాలు ఒక్కొక్కటే బండల మీద పడటం మొదలైంది. ఈసారి మనుషులు పడలేదు. వాళ్ళే విప్పి పడేస్తున్నారు. కాళ్ళు కాలుతున్నా వచ్చి, చుట్టూ గుంపుగా నిలబడి నీడ పట్టారు.

పద్మప్రియ వాచీ చూసి, ఫైలు మూసింది.

"పని ఆపండి," అంది.

అప్పుడే, ఒంటిగంటకి, రెండు గేట్లలోంచి రెండు కార్లు ఒకే క్షణంలో లోపలికి వచ్చాయి.

*

బండ మీద పడిపోయిన జూనియర్ ఆర్టిస్టుకి ఆసుపత్రిలో మూడో రోజు కళ్ళు తేటపడ్డాయి. తిరుమలేశ్‌కి రెండు సెలైన్లు ఎక్కించి, కిడ్నీలకి ఏమీ కాలేదని ఇంటికి పంపారు. ఉదయశ్రీ తమ్ముణ్ణి వీధిలో నిలబెట్టి తిట్టి, తర్వాత చాయ్ ఇచ్చింది.

కథ అక్కడితో అయిపోవాల్సింది. టీవీవాళ్ళు అవ్వనివ్వలేదు. చట్టప్రకారం ఆ సినిమాకి ముఖ్యుడు ఒక లైట్‌మన్ అని, ఆయన రాక కోసం హీరోలు ఒంటిగంట దాకా ఆగారని, పని ఆగిన రోజు సాయంత్రమే అన్ని ఛానళ్ళలో వచ్చింది. సైక్లోన్ స్టార్ అభిమానులు రెండు బస్సుల అద్దాలు పగలగొట్టారు. లావా స్టార్ మూడు గంటలు ఎవరితోనూ మాట్లాడలేదు.

మేనేజర్లిద్దరూ పరుగున వచ్చారు. తమ సార్ పేరే పైన ఉండాలి. వరస వచ్చే టైమ్ ప్రకారమని కార్మిక శాఖకి సంతకం చేసి పంపేశాం కదా, మార్చడానికి లేదన్నాడు త్రినాథరావు. పైన ఉండాలంటే ముందు రావడం ఒక్కటే దారి.

మర్నాడు సైక్లోన్ స్టార్ తెల్లవారుజామున మూడూ యాభై అయిదుకి వచ్చాడు. లావా స్టార్ అప్పటికే కుర్చీలో కూర్చుని ఉన్నాడు. ఆ పై రోజు ఇద్దరూ మూడున్నరకే గేటు బయట కార్లలో నిద్రపోతూ, వాచ్‌మన్ తాళం తీసేదాకా ఆగారు. తెలుగు సినిమా పుట్టాక హీరోలు లైట్‌మన్ కంటే ముందు సెట్‌కి రావడం చూసినవాళ్ళు లేరు. సూర్యోదయానికల్లా మేకప్ పూర్తి. పదిన్నరకల్లా ఆ రోజు యుద్ధం పూర్తి. మధ్యాహ్నం ఆపడానికి అసలు పనే లేదు. పన్నెండు రోజుల షెడ్యూల్ తొమ్మిది రోజుల్లో ముగిసింది.

పని పదిన్నరకే ముగిసిన మొదటి రోజునే త్రినాథరావు ప్రెస్‌మీట్ పెట్టి, ఈ ఆలోచన తనదేనన్నాడు. "సూర్యుణ్ణి నిద్రలేపే పరిశ్రమ మాది," అన్నాడు. చప్పట్లు పడ్డాయి. ఆ మాట రాసినవాడు ఎప్పటిలాగే హాల్లో వెనక నిలబడి చప్పట్లు కొట్టాడు.

అదే సమయానికి తిరుమలేశ్ పని ముగించుకుని యూసుఫ్‌గూడలో ఇంటికి చేరాడు. మధ్యాహ్నం పన్నెండు. రోహిణి కార్తెలో ఆ వేళకి ఇల్లు ఎలా ఉంటుందో అతను మర్చిపోయి చాలా ఏళ్ళయింది. ఉదయశ్రీ కిటికీకి తడిపిన చీర కట్టింది. ఫ్యాన్ తిరుగుతోంది. అతను చెప్పులు విడిచి, కాళ్ళు కడుక్కుని, గది మధ్యలో నిలబడ్డాడు.

"ఇప్పుడేం చెయ్యాలె?" అని అడిగాడు.

"పండుకో," అంది ఉదయశ్రీ.